లాస్ వేగాస్ షో ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

మొబైల్ షాపుల వాళ్లకి, సీసీ కెమెరాలు బిగించేవాళ్లకి చెబుతున్నా. జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగే పెద్ద ఎలక్ట్రానిక్స్ షో సీఈఎస్‌కి తీసుకెళ్తాం, పాస్, వీసా, టికెట్, రూము అంతా మాదే అని నెల్లూరు నుంచి ఒక ఏజెంటు మెసేజ్‌లు పెడుతుంటాడే, ఆయనకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నేను లక్షా అరవై వేలు అడ్వాన్సు కట్టాను. అందులో లక్ష మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది.

నాది కావలి. పన్నెండేళ్లుగా సరుకంతా చెన్నై రిచీ స్ట్రీట్ నుంచే. కొత్త డోర్ లాకులు, కెమెరాలు అక్కడికి రాకముందే కళ్లారా చూడాలని, తయారుచేసేవాళ్లతో నేరుగా మాట్లాడాలని నా ఆశ. ఇవాళ రేపు అంటూ ఆ ఏజెంటు రెండు నెలలు తిప్పాడు.

గురువారం హైదరాబాద్‌లో, నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. అద్దం అవతల ఆఫీసరు అడిగిన మొదటి మాట, ఈ కంపెనీలో ఎన్నాళ్లుగా మేనేజరుగా చేస్తున్నారని. ఏ కంపెనీ? నాకు సొంత షాపు ఉందని చెప్పాను. ఆమె స్క్రీన్ వంక చూసి, నా వంక చూసి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. రెండు నిమిషాల్లో పాస్‌పోర్టు, దాంతోపాటు అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వలేమన్న కాగితం చేతికొచ్చాయి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఏజెంటు నన్ను ఏదో బెంగళూరు కంపెనీకి సేల్స్ మేనేజర్ని చేశాడు. ఆ పేరు నేను జన్మలో వినలేదు.

"మీకెందుకన్నా టెన్షన్, మేం చూసుకుంటాం కదా" అంటే ఫారం చదవకుండానే సరేనన్నాను. అది నా తప్పే. కావాలని అబద్ధం రాశారని వాళ్లు తేలిస్తే ఇక ఎప్పటికీ వీసా రాకుండా పోవచ్చు. ఈ భయంతో రెండు రాత్రులుగా నిద్ర లేదు.

మర్నాడు పొద్దున పినాకిని రైలుకి నెల్లూరులో ఏజెంటు ఆఫీసుకి వెళ్లాను. నాన్న కూడా వచ్చాడు. ఏజెంటు ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. డెబ్బై రెండేళ్ల మా నాన్న చేతిసంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కుర్రాడు టీ తెస్తే ఏజెంటు తనొక్కడే తాగాడు. ఆ కంపెనీ పేరు ఎందుకు రాశావని అడిగితే అప్పుడు నా మొహం చూశాడు.

"సెల్లు కవర్లు అమ్ముకునేవాడు అమెరికా పోతానంటే ఎవడిస్తాడు? అందుకే నిన్ను మేనేజర్ని చేశా. నువ్వే నాకు ఇంకా ఇవ్వాల."

డబ్బు కట్టేదాకా "అన్నా, మీరు" అన్న నోరే అది. నాన్న నా చెయ్యి పట్టుకుని "పోదాం పదరా" అన్నాడు. రైల్లో కావలి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ రాత్రి సీఈఎస్ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో నా మెయిల్‌తో చూశాను. నా పేరు మీద రిజిస్ట్రేషనే లేదు. నాకు ఫొటో అతికించి, లామినేషన్ చేసి ఇచ్చిన పాస్ ఉత్త అట్టముక్క. అసలు బ్యాడ్జి లాస్ వేగాస్ వెళ్లాక గుర్తింపు కార్డు చూపించి తీసుకునేది. మామూలు జనాన్ని రానివ్వరు, ఈ వ్యాపారంలో ఉన్నట్టు రుజువు చూపాలి. నా దగ్గర జీఎస్టీ సర్టిఫికెట్ ఉంది, షాపు ఉంది. ఉన్నదున్నట్టు రాస్తే సరిపోయేదానికి నన్ను దొంగని చేశాడు.

వెళ్లాలనుకునేవాళ్లు రిజిస్ట్రేషన్ మీరే చేసుకోండి. వీసా ఫారం ప్రతి లైనూ చదివి మీ చేత్తోనే సబ్మిట్ చేయండి. వీసా ఫీజు 185 డాలర్లు, మన లెక్కలో పదహారు వేలు అటూ ఇటూ. నా దగ్గర ఆ పేరుతోనే నలభై ఐదు వేలు లాగాడు.

సోమవారం నెల్లూరులో పోలీస్ కంప్లైంట్ ఇస్తున్నా. ఆయనకి డబ్బు కట్టినవాళ్లు ఇంకా ఉంటే పేమెంట్ స్క్రీన్‌షాట్లు తీసుకుని నాతో రండి. ఈసారి నాన్నని తీసుకెళ్లను.