వంటల పుస్తకం అచ్చు వేయిస్తున్నారా? ఒక్క కాపీ చేతికి రాకుండా డబ్బంతా కట్టకండి

మా అమ్మమ్మ వంటలన్నీ పుస్తకంగా వేయించి పండక్కి ఇంటింటికీ ఒకటి ఇద్దామని ఆర్నెల్లు కూర్చుని రాశానండి. 64 పేజీలు, 30 కాపీలు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక ప్రింటర్‌కి మొత్తం సొమ్ము ముందే కట్టేశాను. వాళ్లు అట్టా, రెండు పేజీలూ పీడీఎఫ్‌లో చూపిస్తే ఫోన్‌లోనే చూసి ఓకే అనేశాను, అక్కడే మునిగాను.

పెట్టె విప్పితే లోపల ఒత్తులన్నీ ఊడిపోయి ఉన్నాయి. ‘అమ్‌మమ్‌మ గోంగూర పచ్‌చడి’, ‘ఉప్‌పు తగినంత’! నేను యూనికోడ్‌లో టైప్ చేసి ఇచ్చినదాన్ని వాళ్ల డిజైనర్ పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేస్ట్ చేసి వదిలేశాడట. అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయని తర్వాత మా ఊరి డీటీపీ ఆయన చెప్పాడు. ½ గుర్తు ఉన్నచోటల్లా ఖాళీ డబ్బా పడింది, ఇంగువ ఎంత వేయాలో ఎవరికి తెలియాలి? మీరు మాత్రం అర, పావు, గిద్దెడు అని అక్షరాల్లోనే రాసుకోండి.

ఫొటోల విషయంలో సగం తప్పు నాదే. వాట్సాప్‌లో మామూలుగా పంపాను, అది ఫొటోని కుదించేస్తుంది. ఏ5 పేజీ నిండా బొమ్మ రావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన సుమారు 1750 × 2480 పిక్సెళ్లు కావాలి, అందుకని డాక్యుమెంట్‌గానో డ్రైవ్‌లోనో పంపండి. ఇక రంగులు. తెర మీద నిగనిగలాడిన ఆవకాయ కాగితం మీద ఇటుక పొడిలా ఉంది, తెర వెలుగులో కనిపించే ఎరుపంతా అచ్చు సిరాల్లో రాదు కదా. గోంగూర సంగతి చెప్పను, దాన్ని రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసింది నేనే.

బైండింగ్ జిగురుది. పొయ్యి పక్కన తెరిచి పెడితే మూసుకుపోతుంది, గట్టిగా నొక్కితే పేజీ ఊడి చేతికొస్తుంది. పైగా కొలతలు సగం మధ్య మడతలోకి పోయాయి. వంటల పుస్తకానికి స్పైరల్‌గానీ కుట్టు బైండింగ్‌గానీ అడగండి.

అడిగితే ‘కస్టమ్ ఆర్డర్, వాపసు లేదు, మీరే ఓకే అన్నారు’ అంటున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. ఈలోగా మా పిన్ని తన కాపీలో ఒత్తులన్నీ పెన్నుతో దిద్దుకుంటోంది, 40వ పేజీ దాకా వచ్చిందట.