సుత్తి పట్టుకొచ్చిన ఇంజినీరు గారు

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది పాత డాబా. 2014 హుద్‌హుద్ తుఫాను దగ్గర్నుంచీ వానొస్తే హాల్లో బకెట్ పెట్టడం అలవాటైపోయింది. మొదట పిలిచిన వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ కుర్రాడు మేడెక్కి నాలుగు ఫొటోలు తీసి, పది నిమిషాల్లో "మొత్తం కోటింగ్ వేయాలండీ" అని రూ.80 వేలు చెప్పాడు. కోటింగ్ అమ్మేవాడు ఇంకేం చెప్తాడు!

ఈసారి ఒక సివిల్ ఇంజినీరు గారిని పిలిచాం. పని చేయించరు, చూసి చెప్పడమే. ఫీజు రూ.2 వేలు. చిన్న సుత్తితో సీలింగంతా తట్టుకుంటూ వెళ్లారు. ఫ్యాను పక్కన శబ్దం డొల్లగా వచ్చింది. పెచ్చు ఊడదీస్తే లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బిపోయి ఉంది. "సముద్రపు ఉప్పుగాలండీ, పైపూతతో ఇది ఆగదు" అన్నారు.

తర్వాత మేడ మీద నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డలు కుక్కించి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టించారు. మర్నాడు కింద తడి తేలింది పిట్టగోడ మొదలు దగ్గర మాత్రమే! ఫొటోలతో రిపోర్టు రాసిచ్చారు. చెప్పిన టైముకి రెండు గంటలు లేటుగా వచ్చారు, అదొక్కటే చిరాకు. మేస్త్రీని మాత్రం మనమే వెతుక్కోవాలి.