పెన్‌డ్రైవ్‌ల షాపులో లినక్స్ మింట్: 14 నెలల వాడకం తర్వాత

గుంటూరు బ్రాడీపేటలో మాది జిరాక్స్, డీటీపీ షాపు. చుట్టూ కాలేజీలు, హాస్టళ్లు. మామూలు రోజుల్లోనే యాభై అరవై పెన్‌డ్రైవ్‌లు మా కౌంటర్ మీదికొస్తాయి, రికార్డులు సబ్మిట్ చేసే నెలలో లెక్కే ఉండదు. అందుకని ఏ కంప్యూటర్ గురించైనా నేను చూసేవి రెండే. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఎంతసేపటికి ఫైల్ కనిపిస్తుంది? అందులో ఉన్న రోగం నా మెషీన్‌కి అంటుకుంటుందా?

ఈ రెండో దాని కోసమే, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చాను. షార్ట్‌కట్ వైరస్ అంటే జిరాక్స్ షాపుల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకడి పెన్‌డ్రైవ్ నుంచి మా విండోస్ మెషీన్‌కి ఎక్కుతుంది, ఆ తర్వాత వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ మేమే పంచిపెడతాం. ఫోల్డర్లన్నీ మాయమై వాటి చోట షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. "ఆంటీ, మీ షాపులో పెట్టాకే నా ప్రాజెక్ట్ పోయింది" అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకున్నాక ఇక లాభం లేదనుకున్నాను. మా మేనల్లుడు హైదరాబాద్‌లో సర్వర్ల పని చేస్తాడు. వాడు సంక్రాంతికి వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉన్నాడు, "అత్తా, కౌంటర్ మెషీన్‌కి లినక్స్ వేసెయ్" అని. నేనే వాయిదా వేస్తూ వచ్చాను.

వాడు వేసింది లినక్స్‌లోనే ఒక రకం, లినక్స్ మింట్ 22. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. 2024 జులైలో వచ్చింది, 2029 దాకా అప్‌డేట్లు ఇస్తారు. మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూడో తరం ఐ3. దాంట్లో 8 జీబీ ర్యామ్ ఉంది, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ తర్వాత వేయించాం. ఆ పాత బండికి ఇది చక్కగా సరిపోయింది. పైసా ఖర్చు లేదు. వాడికి మధ్యాహ్నం గోంగూర పచ్చడితో భోజనం పెట్టాను, అంతే.

మొదటి వారమే ఒక సంగతి జరిగింది. షార్ట్‌కట్ వైరస్ తగిలిన పెన్‌డ్రైవ్ పట్టుకుని బీటెక్ కుర్రాడొకడు వచ్చాడు, ఫోల్డర్లన్నీ పోయాయని ఏడుపు మొహంతో. మా మెషీన్‌కి పెడితే అన్నీ అక్కడే ఉన్నాయి! వైరస్ వాటిని చెరిపేయదు, 'హిడెన్' అని గుర్తు పెడుతుందంతే. విండోస్ ఆ గుర్తు చూసి దాచేస్తుంది, లినక్స్ దాన్ని పట్టించుకోదు. అవసరమైనవి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి ఇచ్చాను. వాడు ఆ సాయంత్రం హాస్టల్ నుంచి ఇంకో నలుగుర్ని తీసుకొచ్చాడు. ఈ ఒక్కదానికే నేను మింట్‌కి మూడు స్టార్లు ఇచ్చేస్తాను.

మిగతా రెండు స్టార్ల కథ మాత్రం కాస్త పెద్దది. అది ఆటో మౌంట్ కథ. డ్రైవ్‌ని తెరిచి లోపలి ఫైళ్లు అందేలా చేయడాన్నే మౌంట్ అంటారు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకోవాలి. మామూలుగా అయితే తెరుచుకుంటుంది, రెండు మూడు సెకన్లు, పాస్‌వర్డ్ కూడా అడగదు. లోపల ఒక్కరే ఈ పని చేస్తున్నారని నేననుకున్నాను. కాదట. పెళ్లివారింట్లో లాగా ముగ్గురు ఉన్నారు. గేటు దగ్గర నిలబడి "ఎవరో వచ్చారు" అని కేకేసేది కెర్నెల్, అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటిది. "అయితే లోపలికి రమ్మనండి" అనేది డెస్క్‌టాప్. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ పెద్దమనిషి పేరు థూనార్ వోల్‌మ్యాన్. తీసుకొచ్చి మీడియా అనే ఫోల్డర్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టేది యూడిస్క్స్. డ్రైవ్ తెరుచుకోలేదంటే వీళ్లలో ఎవరు పని మానేశారో చూడాలి. ఇది తెలియక నేను రెండు రోజులు అడ్డదిడ్డంగా తిరిగాను.

మొదటిసారి తప్పు పూర్తిగా నాదే. సబ్మిషన్ల రోజున స్క్రీన్ మీద పెన్‌డ్రైవ్ విండోలు డజను పేరుకుపోయాయని చిరాకేసి, సెట్టింగ్స్‌లో 'రిమూవబుల్ డ్రైవ్స్ అండ్ మీడియా' తెరిచి కనిపించిన టిక్కులన్నీ తీసేశాను. అందులో విండో తెరిచే టిక్కు వేరు, మౌంట్ చేసే టిక్కులు వేరు. నేను ఆ సంగతే మర్చిపోయాను. సోమవారం పొద్దున ఏ పెన్‌డ్రైవ్ పెట్టినా చప్పుడు లేదు. మింట్ పాడైపోయిందని మేనల్లుడికి ఫోన్ చేస్తే, "పక్కన లిస్టులో డ్రైవ్ పేరు కనిపిస్తోందా అత్తా? దాని మీద నొక్కు" అన్నాడు. నొక్కితే తెరుచుకుంది. చేత్తో నొక్కినప్పుడు తెరుచుకుంటోందంటే కెర్నెల్, యూడిస్క్స్ బాగానే ఉన్నట్టు. అడ్డం సెట్టింగ్ దగ్గరే. టిక్కులు మళ్లీ పెట్టాను, విండో తెరిచేది ఒక్కటి వదిలేసి. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఐకాన్ వస్తుంది, కావాలంటే తెరుస్తాను. బేరాల రద్దీలో ఇదే సుఖం.

రెండోది మా బ్యాకప్ డిస్క్. ఒక టీబీ ఎక్స్‌టర్నల్, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్. రోజూ సాయంత్రం శుభలేఖల ఫైళ్లు, కస్టమర్ల డేటా అందులోకి ఎక్కించి ఇంటికి పట్టుకెళ్తాను. ఒక శనివారం అది మౌంట్ కాలేదు. నొక్కితే ఇంగ్లీషులో 'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్' అని పొడుగాటి మెసేజ్. ఆ బ్యాడ్‌లు చదివితే డిస్క్ పోయిందనే అనుకుంటారు ఎవరైనా. నాకు చేతులు చల్లబడ్డాయి, మూడేళ్ల శుభలేఖలు అందులో ఉన్నాయి.

మేనల్లుడు నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాడు, ఫోన్ ఎత్తలేదు. నెట్‌లో వెతికితే, మెషీన్ లేచేటప్పుడు ఏయే డిస్కులు మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్లో ఒక లైను రాస్తే అదే మౌంట్ అవుతుందని కనిపించింది. రాశాను. అందులో ఆ ఫార్మాట్ చదివే డ్రైవర్ పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అని పెట్టాను. రీస్టార్ట్ చేస్తే డిస్క్ తెరుచుకుంది, ఫైళ్లన్నీ ఉన్నాయి. ఆ సాయంత్రం మా ఆయన దగ్గర నేను కొట్టుకున్న గొప్పలు ఇక్కడ రాయలేను.

మర్నాడు ఆదివారం, అయినా హాస్టల్ పిల్లల కోసం తెరుస్తాం. డిస్క్ ఇంట్లో మర్చిపోయి వచ్చాను. మెషీన్ ఆన్ చేస్తే లోగో దగ్గర ఆగిపోయింది. నిమిషంన్నర అలాగే ఉండి, నల్ల స్క్రీన్ మీద 'ఎమర్జెన్సీ మోడ్' అని వచ్చింది. కౌంటర్ ముందు ఏడుగురు. వాళ్లలో ఒకడు "ఆంటీ, హ్యాకింగా?" అని అడిగాడు. ఈసారి మేనల్లుడు ఫోన్ ఎత్తాడు. విని పడీ పడీ నవ్వాడు. ఎఫ్‌స్టాబ్‌లో రాశామంటే ఆ డిస్క్ లేకుండా మెషీన్ లేవకూడదని మనమే ఆర్డర్ వేసినట్టట. 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే చేతులెత్తేస్తుంది. మా ఆయన స్కూటర్ మీద ఇంటికెళ్లి డిస్క్ తెచ్చారు. అది తగిలించి రీస్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు లేచింది.

తర్వాత మేనల్లుడు ఆ లైను తీయించాడు. కదిలే డిస్క్‌ని ఎఫ్‌స్టాబ్‌లో పెట్టొద్దన్నాడు. పెట్టే తీరాలంటే లినక్స్ వరసగా ఇచ్చే ఎస్‌డీబీ1 లాంటి పేరు కాకుండా, యూయూఐడీ అనే మారని గుర్తింపు నంబర్ రాయాలి, ఎందుకంటే ముందు వేరే పెన్‌డ్రైవ్ పెడితే అదే డిస్క్ ఎస్‌డీసీ1 అయిపోతుంది. పక్కనే 'నోఫెయిల్' అనే మాట తప్పనిసరి, అంటే డిస్క్ లేకపోయినా ఆగకుండా లేవమని. ఆ ఒక్క మాట ఉంటే ఆదివారం నాకు ఆ పరువు తక్కువ జరిగేది కాదు. నేను చదివిన చోట ఆ మాట లేదు.

అసలు రోగం వేరే ఉంది. మా దగ్గర ఇంకో మెషీన్ ఇప్పటికీ విండోసే. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లేకుండా తెలుగు శుభలేఖల పని నడవదు కదా. శుక్రవారం రాత్రి డిజైనింగ్ కుర్రాడు బ్యాకప్ డిస్క్‌ని అందులో వాడి, కరెంటు పోతుందేమోనని తొందరలో వైరు పీకేశాడు. అలా పీకితే ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ మీద 'సరిగ్గా మూయలేదు' అన్న గుర్తు మిగిలిపోతుంది. లినక్స్ కెర్నెల్‌లోనే 5.15 నుంచి, అంటే 2021 నుంచి, ఎన్‌టీఎఫ్‌ఎస్3 అని ఒక డ్రైవర్ ఉంది. ఈ గుర్తు చూస్తే అది డిస్క్‌ని ముట్టుకోదు, డేటా చెడగొట్టడం ఇష్టం లేక. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ కాస్త మెతక, అందుకే నా ఎఫ్‌స్టాబ్ లైనుకి లొంగింది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో 'సుడో డీమెసేజ్' (sudo dmesg) కొడితే, కెర్నెల్ రాసుకున్న మెసేజ్‌ల చివర్లో 'వాల్యూమ్ ఈజ్ డర్టీ' అని, అంటే సరిగ్గా మూయలేదని, స్పష్టంగా రాసి ఉంది. ఆ ముక్క స్క్రీన్ మీద వేసి ఉంటే నేను ఎఫ్‌స్టాబ్ జోలికే వెళ్లేదాన్ని కాదు. మింట్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. లోపల అంత సూటిగా రాసుకున్న సంగతిని, మనిషికి చెప్పేటప్పుడు బ్యాడ్ సూపర్‌బ్లాక్ అని ఎందుకు భయపెట్టాలి?

మందు కూడా చిన్నదే. డిస్క్‌ని విండోస్ మెషీన్‌కి తగిలించి, తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడిపి, 'సేఫ్‌లీ రిమూవ్' చేసి తెచ్చాను. ఠక్కున మౌంట్ అయింది. లినక్స్‌లోనే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే కమాండ్ ఉంది కానీ, అది పైపైన సర్ది ఆ గుర్తు చెరుపుతుందే తప్ప పూర్తి చెకింగ్ చేయదని, విండోస్ పక్కనే ఉండగా దాన్ని వాడొద్దని మేనల్లుడి మాట. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' కూడా ఆఫ్ చేయించాడు. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, డిస్క్‌లు పూర్తిగా మూసుకోవు. ఇప్పుడు బ్యాకప్ డిస్క్‌ని లినక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లోకి మార్చి లినక్స్‌కే ఉంచేశాను. విండోస్‌లో అది తెరుచుకోదు, కుర్రాడు ముట్టుకోవాలన్నా ముట్టుకోలేడు. రెండు మెషీన్ల మధ్య అటూ ఇటూ తిరగడానికి, రెండింట్లోనూ తెరుచుకునే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్ ఒకటి వేరే పెట్టాను. పాత ఫ్యాట్32 ఫార్మాట్ అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, పెళ్లి వీడియోలకి పనికిరాదు.

పిల్లల పెన్‌డ్రైవ్‌లతో ఇంకో చిక్కు: కొన్ని తెరుచుకుంటాయి కానీ వాటిలోకి ఏమీ రాయనివ్వవు. ఫార్మాట్‌లో తేడా కనిపిస్తే కెర్నెల్ దాన్ని రీడ్ ఓన్లీ చేసేస్తుంది. ఫైల్ మా మెషీన్‌లోకి తీసుకుని ప్రింట్ ఇచ్చేస్తాను. బాగు చేసి పెట్టమంటే మాత్రం ఒప్పుకోను, పోతే నన్నంటారు.

కాపీ అయిపోయినట్టు చూపించి ఇంకా రాస్తూనే ఉండటం కూడా ఉంది. లినక్స్ ముందు ర్యామ్‌లోకి తీసుకుని తర్వాత నెమ్మదిగా పెన్‌డ్రైవ్‌లోకి పంపుతుంది. బార్ నిండిందని పీకితే ఫైల్ సగమే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని మెసేజ్ వచ్చాకే తీయాలి. దీన్ని కౌంటర్ మీద తెలుగులో ప్రింట్ తీసి అంటించాను. ఎవరూ చదవరు.

ఫోన్ల సంగతి సగం సగం. ఫోన్‌లో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుంటే తెరుచుకుంటుంది, కొన్నిసార్లు వైరు తీసి మళ్లీ పెట్టాలి. నేనైతే "వాట్సాప్ చేయమ్మా" అంటున్నాను.

మొత్తానికి 5కి 4. వైరస్ గోల పోయింది, పాత మెషీన్ పరిగెడుతోంది, 14 నెలల్లో ఫార్మాట్ కొట్టే పని పడలేదు. ఒక స్టార్ ఆ భయపెట్టే మెసేజ్‌కి కోసేశాను. అచ్చంగా తెలుగు డీటీపీ మీదే బతికే షాపు అయితే ఉన్న ఒక్క మెషీన్‌ని మార్చకండి. కౌంటర్‌కి వేరే మెషీన్ ఉంటే దానికి వేయండి, ఫోన్ ఎత్తే మేనల్లుడు ఒకడుంటే ఇంకా మంచిది.

చివరిగా, మింట్‌కి సంబంధం లేని ఒక ముక్క. మధ్యలో కొన్నాళ్లు బ్యాకప్ డిస్క్ టిక్కు టిక్కుమంటూ వచ్చి పోతూ ఉండేది. డీమెసేజ్‌లో చూస్తే వరసగా 'డిస్‌కనెక్ట్' లైన్లే. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, కరెంటు చాలక. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, యూఎస్‌బీ 3 అయితే 900. మా క్యాబినెట్ ముందు పోర్టుకి లోపల పొడుగాటి సన్న వైరు, దాంతో అదీ సరిగ్గా అందదు. వెనక నీలం పోర్టుకి పొట్టి కేబుల్‌తో పెట్టాక ఒక్కసారీ ఆగలేదు. ముందు పోర్టు మీద ప్లాస్టర్ అంటించేశాను. పిల్లలు దాన్ని పీకి మరీ అందులోనే గుచ్చుతున్నారు.