సీతాకోకచిలుకల జాలీ పెట్టె: బడిలో ఏళ్ల తరబడి వాడాక

ఆన్‌లైన్‌లో బటర్‌ఫ్లై కేజ్ అని కొడితే వచ్చే మడత పెట్టె గురించి ఈ సమీక్ష. పైనా కిందా తీగ చట్రం, చుట్టూ దోమతెరలాంటి జాలీ, ఒక పక్క జిప్, ముందువైపు ప్లాస్టిక్ కిటికీ. నాది అడుగు వెడల్పు, రెండడుగుల ఎత్తు. నల్గొండ జిల్లాలో మా ప్రాథమిక పాఠశాల నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం కోసం కొన్నాను.

కొత్తలో రాసుంటే అన్నీ పొగడ్తలే ఉండేవి. ఇప్పుడు జిప్ పోయి, కిటికీ మసకబారి, దీని ముందు కూర్చున్న పిల్లలు హైస్కూలుకి వెళ్లిపోయాక రాస్తున్నాను కాబట్టి కాస్త నిక్కచ్చిగా చెప్పగలను. కొనొచ్చు. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే పనికి కాదు.

వాళ్లు చెప్పేది "జీవితచక్రం కళ్లారా చూడండి" అని. ఆ మాత్రం దానికి పచ్చడి సీసా, మూతికి కట్టే పల్చటి గుడ్డ చాలు. పైగా జీవితచక్రం అనగానే స్టేషనరీ షాపు చార్టు గుర్తొస్తుంది: గుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, మధ్యలో బాణాలు. టీఎల్ఎం (బోధనోపకరణాల) మేళాకి వెళ్తే ఏ బల్ల మీద చూసినా అదే. ఆ చార్టులో పిట్ట ఉండదు, చీమ ఉండదు, వాన ఉండదు, పురుగుమందు కొట్టే మనిషి ఉండడు. పురుగు తన మానాన తాను పెరిగి రెక్కలు తెచ్చుకుంటుంది. పిల్లలు పరీక్షలో బాణాలు చక్కగానే గీస్తారు. "ఇన్నేసి గుడ్లు పెడుతున్నా ఊరంతా సీతాకోకచిలుకలే ఎందుకు నిండిపోలేదు?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు.

ఈ ప్రశ్న దగ్గరే జాలీ పెట్టె పనికొస్తుంది. అయితే ఒక షరతు. కొన్ని పురుగులు పెట్టెలో ఉండాలి, కొన్ని బయట చెట్టు మీదే ఉండాలి. రెండూ రోజూ చూడాలి.

మా వంటగది వెనక కరివేపాకు చెట్టు ఉంది. నిమ్మజాతి మొక్కల మీదా కరివేపాకు మీదా పెరిగే పసుపు-నలుపు సీతాకోకచిలుక (పపిలియో డెమోలియస్) దాని లేత చిగుళ్ల మీద ఆవగింజ కంటే చిన్నవైన లేత పసుపు గుడ్లు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది. గుడ్లున్న ఒక కొమ్మను కోసి పెట్టెలో పెట్టిస్తాను. చెట్టు మీద అలాంటివే ఉన్న మరో కొమ్మకు రంగు ఊలు దారం కట్టిస్తాను. తొలి రోజుల్లో రెండు చోట్లా ఒకే దృశ్యం: ముదురు గోధుమ ఒళ్లు, మధ్యలో తెల్ల మచ్చ, అచ్చం పిట్ట రెట్ట. అది ఎందుకలా ఉందో నేను చెప్పను. బయట కొమ్మ మీద వాటిని వెతకలేక అవస్థ పడ్డాక వాళ్లే చెబుతారు. పెద్దయ్యాక పురుగు ఆకుపచ్చగా మారుతుంది. తల వెనక పుల్లతో మెల్లగా తాకితే నారింజ రంగు కొమ్ముల జత బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది. పిల్లలు ముక్కు మూసుకుని పరుగు. చీమలకూ ఆ వాసన పడదు.

ఇక తేడా. పెట్టెలోవి దాదాపు అన్నీ ప్యూపా అవుతాయి. ఊలు దారం కట్టిన కొమ్మ మీద సగం కూడా మిగలవు. గట్టి వాన పడిన మర్నాడు కొన్ని ఉండవు. ఒకదాన్ని సాలీడు పట్టుకుని పీలుస్తూ కనిపిస్తుంది. చిగుళ్ల మీద పేనుబంక చేరితే చీమలు వరస కడతాయి, అప్పుడు లెక్క ఇంకా పడిపోతుంది. నోటుబుక్కులో రెండు గడులు గీసి, రోజూ మిగిలినవెన్నో రాయిస్తాను. ఆ పేజీ నింపిన పిల్లలకు "జీవుల మీద పరిసరాల ప్రభావం" అనే పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు.

నాకు అన్నింటికంటే నచ్చింది ప్యూపా రంగు ఆట. ప్యూపా అయ్యే ముందు పురుగు తిండి మానేసి, అటూ ఇటూ తిరిగి చోటు వెతుక్కుంటుంది. ఎక్కడో ఒకచోట కుదురుకుని, నడుముకు పట్టుదారం కట్టుకుని వేలాడుతుంది. పెట్టెలో ఒక మూల పచ్చి కరివేపాకు కొమ్మలు, ఇంకో మూల బెరడున్న ఎండు పుల్లలు పెట్టి వదిలేయండి. పచ్చి కొమ్మ మీద కట్టుకున్నది ఎక్కువగా ఆకుపచ్చ ప్యూపా అవుతుంది, ఎండు పుల్ల మీదిది మట్టిరంగుకు తిరుగుతుంది. ఒకే చెట్టు పురుగులు, ఒకే తిండి, చోటు ఒక్కటే వేరు. "ఊసరవెల్లిలా మారుతుందా టీచర్?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. కాదు, ఒకసారి కుదిరిన రంగు మళ్లీ మారదు. రంగును చూసి రంగు వేసుకుంటుందనీ తేల్చేయకండి. ఇదే పపిలియో ప్రజాతిలో చేసిన పరిశోధనల్లో, పట్టుకున్న చోటు నున్నగా ఉందా గరుకుగా ఉందా అన్నదానికీ, తేమకూ, వేడికీ కూడా పాత్ర ఉందని తేలింది. పచ్చ రంగు వేసిన గరుకు పుల్ల పెడితే ఏమవుతుందో చూద్దామన్నది మా పిల్లల ఆలోచనే. ఆ పుల్ల మీద ఆకుపచ్చవీ వచ్చాయి, మట్టిరంగువీ వచ్చాయి. వాదన ఇంకా తెగలేదు.

జిల్లేడు పురుగులది మరో కథ. తెలుపు, నలుపు, పసుపు చారలతో, ఒంటి మీద మూడు జతల నల్లటి తీగల్లాంటి కొమ్ములతో ఎవరికీ దాక్కోకుండా తిరుగుతుంది ఈ గొంగళి (ప్లెయిన్ టైగర్ అంటారు). జిల్లేడులోని విషం దాని ఒంట్లో చేరుతుంది కాబట్టి, ఒకసారి తిన్న పిట్ట మళ్లీ జోలికి రాదు. చెట్టు మీద కాస్త పెద్దయ్యాక తెచ్చి పెట్టెలో పెట్టినవాటిలో ఒకటి నీరసించిపోయింది. పిల్లలు చూస్తుండగానే దాని ఒంట్లోంచి తెల్లటి పురుగులు బయటికొచ్చి, సన్నటి జిగట దారం మీద జారి పెట్టె అడుగున పడ్డాయి. మర్నాటికి అవి గోధుమరంగు గింజల్లా గట్టిపడ్డాయి. కొన్నాళ్లకు వాటిలోంచి వచ్చినవి ఈగలు. పిట్టను ఆపిన విషం ఈగను ఆపలేదు. ఈగ తన గుడ్లను పురుగు మీద పెట్టింది మేం తేకముందే. ఒకమ్మాయి ఏడ్చింది, ఒకడు ఈగలను చంపేద్దామన్నాడు. "వరిలో కట్టే కార్డుల్లో ఉండేవీ ఇట్లాంటివే కదా టీచర్" అన్నాడు ఓ రైతు కొడుకు. సరిగ్గా పట్టుకున్నాడు. పంట పురుగుల అదుపుకు పొలంలో కట్టే ఆ అట్టముక్కల్లో (ట్రైకోకార్డులు) ఉండే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ కూడా పురుగుల గుడ్లలో తన గుడ్లు పెట్టేదే.

జిల్లేడు విషయంలో ఒక జాగ్రత్త. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. ఆకు నేనే తుంచుతాను, పిల్లలతో చేతులు సబ్బుతో కడిగిస్తాను. వినాయక చవితి పత్రిలో జిల్లేడు ఉంటుంది కాబట్టి పిల్లలకు దానితో భయం తక్కువ, అదే నా టెన్షన్.

సంత కరివేపాకు ఈ పెట్టెలో వేయొద్దు. మా చెట్టు ఆకు అయిపోయిందని ఓ పాప ఇంట్లోంచి కట్ట తెచ్చింది. తిన్న పురుగులు మధ్యాహ్నానికి మెలికలు తిరిగి రాలిపోయాయి. ఆకు మీద పురుగుమందు ఉండుంటుందని పిల్లలు వెంటనే ఊహించారు. మాది బత్తాయి సీమ. "మా నాయిన బత్తాయి నారుకు ఇదే పురుగు పట్టిందని మందు కొడతాడు" అని ఒకడు లేచాడు. వాడి మాటా నిజమే, నర్సరీలో లేత మొక్కల్ని ఈ గొంగళి ఆకు లేకుండా మేసేయగలదు. ఆ రోజు సైన్స్ పీరియడ్ కాస్తా పంచాయితీ అయింది, నేనూ ఆపలేదు.

పెట్టెను ఎక్కడ పెడతారన్నది చాలా ముఖ్యం. రేకుల వరండాలో ఏప్రిల్ ఎండకు పెడితే లోపలివి చస్తాయి. గోడ నీడలో, గాలి ఆడే చోట ఉండాలి. వానాకాలంలో వారం పది రోజుల్లో విచ్చుకునే ప్యూపా డిసెంబరు చలిలో ఇంకా తాత్సారం చేస్తుంది. గోడ థర్మామీటరు ఒకటి పక్కన తగిలిస్తే అదీ పాఠమే. ఆశకు పోయి పురుగులు ఎక్కువ పెట్టకండి. కిక్కిరిస్తే జబ్బు పాకుతుంది, నల్లబడి మెత్తగా వేలాడతాయి.

వస్తువు నాణ్యత సంగతి. జిప్ మొదటి ఏడాదే పళ్లు వదిలేసింది, ఊళ్లో టైలర్‌తో కొత్తది వేయించాను, అది ఇప్పటికీ బాగుంది. ప్లాస్టిక్ కిటికీ దండగ, ఎండకు మసకబారుతుంది. ఫొటోలో నల్ల జాలీ చూపించి తెల్లది పంపారు, అడిగితే వాపసు లేదన్నారు. ఇది చిన్న విషయం కాదు. నల్ల జాలీలోంచి లోపలిది స్పష్టంగా కనిపిస్తుంది, తెల్లదానిలోంచి కళ్లు చికిలించుకుని చూడాలి. అడుగు మాత్రం తెల్లగా ఉండాలి, రెట్టలు కనిపించి రోజూ దులపడం తేలిక. చీమలకు విరుగుడుగా పెట్టెను తాడుతో వేలాడదీసి, తాడుకు వాజిలిన్ రాస్తాను. కొమ్మను నీళ్ల సీసాలో పెడితే మూతి చుట్టూ కాగితం కుక్కాలి, లేదంటే పురుగులు నీళ్లలో పడతాయి.

బయట చెట్టు లేని అపార్ట్‌మెంట్ వాళ్లకు నేను దీన్ని చెప్పను. ముందు కుండీలో నిమ్మో కరివేపాకో పెంచండి, గుడ్లు వాటంతటవే వస్తాయి. పురుగులను ఎక్కడినుంచో కొని తెప్పించకండి. కొనేటప్పుడు రెండడుగుల ఎత్తుకు తగ్గకుండా, నల్ల జాలీది, జిప్ మూడు వైపులా తెరుచుకునేది చూసుకోండి. వేసవి సెలవులకు ముందే అన్నిటినీ వదిలేసి, సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి, మడిచి బీరువా మీద పెట్టేయండి. కింద పెడితే ఎలుకలు కొరుకుతాయి.