జాగ్రత్త: స్టీమ్ డెక్ కోసం "పెట్టుకుని ఆడుకోవడమే" అంటూ అమ్మే ఫ్యాన్ పోర్ట్ కార్డులు కొనకండి

స్టీమ్ డెక్‌లో (వాల్వ్ కంపెనీ చేసిన, చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీ) పాత కన్సోల్ ఆటలు ఆడాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఫ్యాన్ పోర్ట్ (పాత ఆటను వేరే మెషీన్ మీద నడిచేలా అభిమానులు మార్చిన రూపం) ముందే లోడ్ చేసిన మెమరీ కార్డులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటి జోలికి వెళ్లకండి. నేను ఒకటి కొన్నాను. డబ్బు పోయిందంటే సరే, పోయింది. కానీ మా తమ్ముడు 40 గంటలు ఆడిన ఆట మొత్తం పోయింది. ఆ డెక్‌లో నేను లాగిన్ అయి ఉన్న ప్రతి అకౌంట్‌కీ పాస్‌వర్డ్ మార్చుకోవాల్సి వచ్చింది.

ఆట "ఒకరీనా ఆఫ్ టైమ్". 1998లో నింటెండో 64 కోసం వచ్చింది. కార్ట్రిడ్జ్‌లో ఉన్న మెషీన్ కోడ్‌ను అభిమానులు కొందరు పట్టుదలగా చదివి, దాన్ని మళ్లీ సీ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి తెచ్చారు. ఆ పని 2021 చివర్లో ఒక కొలిక్కి వచ్చింది. దాని మీద ఆధారపడి హార్బర్ మాస్టర్స్ అనే బృందం 2022 మార్చిలో "షిప్ ఆఫ్ హర్కినియన్" అనే పీసీ పోర్ట్ విడుదల చేసింది. ఇది ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్) కాదు, నేరుగా పీసీ మీద నడిచే ప్రోగ్రామ్. పాత కన్సోల్ మీద సెకనుకు 20 ఫ్రేములతో నడిచిన ఆట ఇందులో 60 ఫ్రేములతో, డెక్ స్క్రీన్ నిండా కనిపిస్తుంది. ఇంత చేసి వాళ్లు పైసా అడగలేదు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

మరి ఉచితమైన దాన్ని ఎందుకు కొన్నావు అని అడుగుతారు. డెక్ నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, నాకు అదంటే భయం. డెస్క్‌టాప్ మోడ్‌లోకి (డెక్ మామూలు కంప్యూటర్‌లా పనిచేసే మోడ్) వెళ్లి ఏదో పాడుచేస్తానేమోనని వెనకాడాను. అమ్మేవాళ్లు సరిగ్గా ఆ భయాన్నే పట్టుకుంటున్నారు. "ఏమీ తెలియక్కర్లేదు, అన్నీ మేమే చేసి పెట్టాం" అనే మాట చూడగానే హాయిగా అనిపించింది.

కార్డుతో పాటు ఒక కాగితం వచ్చింది. డెస్క్‌టాప్ మోడ్‌లో కాన్సోల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరవండి, కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, కార్డులో ఉన్న ఇన్‌స్టాల్ ఫైల్‌ను సుడోతో (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే కమాండ్) నడపండి, అడిగినప్పుడు ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇంతే. స్టీమ్ డెక్‌లో మొదట్లో సుడో పాస్‌వర్డ్ అనేదే ఉండదు, మనం పెట్టుకుంటేనే ఉంటుంది. అంటే ఆ కాగితం మొట్టమొదట చేయించిన పని, నా చేతులతోనే తాళం తయారు చేయించి తాళంచెవి తను తీసుకోవడం. ఆ రోజు ఇది నా బుర్రకు తట్టలేదు.

ఆట నడిచింది. అబద్ధం చెప్పను, చాలా బాగా నడిచింది. గుర్రం మైదానంలో పరుగెత్తే మొదటి దృశ్యం చూసి మా తమ్ముడు డెక్ వదల్లేదు. రోజూ రాత్రి ఒక గంట, సెలవు రోజు నాలుగైదు గంటలు. వాటర్ టెంపుల్ దగ్గర నాలుగు రోజులు ఇరుక్కుపోయి, నీటిమట్టం ఎక్కడ పెంచాలో ఎక్కడ దించాలో నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుని మరీ దాటాడు. నన్ను ఒక్క సాయం కూడా అడగలేదు.

తర్వాత డెక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన స్టీమ్‌ఓఎస్‌కి అప్‌డేట్ వచ్చింది. అప్‌డేట్ కొట్టాను, డెక్ రీస్టార్ట్ అయింది. లైబ్రరీలో ఆట బొమ్మ అలాగే ఉంది, నొక్కితే మాత్రం ఏమీ రాలేదు. లోడింగ్ గుర్తు ఒక్కసారి తిరిగి మళ్లీ లైబ్రరీ పేజీకి వచ్చేసింది. కార్డు తీసి పెట్టాను, మళ్లీ రీస్టార్ట్ చేశాను, లాభం లేదు.

అప్పుడు, ముందే చేయాల్సిన పని చేశాను. ఆ ఇన్‌స్టాల్ ఫైల్‌ను కేట్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి లైను లైనుగా చదివాను. మొదటి లైనులోనే సిస్టమ్ భాగానికి ఉన్న రక్షణను తీసేసింది. స్టీమ్‌ఓఎస్‌లో సిస్టమ్ భాగం మామూలుగా చదవడానికే తప్ప రాయడానికి వీలులేకుండా ఉంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ భాగం మొత్తం కొత్తదానితో మారిపోతుంది. మనం ఆడే ఆటలు, మన ఫైళ్లు ఉండాల్సింది హోమ్ అనే ఫోల్డర్‌లో, దాన్ని అప్‌డేట్ ముట్టుకోదు. వీళ్లు మాత్రం రక్షణ తీసేసి ఆటను తీసుకెళ్లి సిస్టమ్ భాగంలో పెట్టారు. సేవ్‌లు కూడా ఆ ఫోల్డర్‌లోనే పడేలా చేశారు. అప్‌డేట్‌తో పాటే అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. స్టీమ్‌లో కొన్న ఆట కాదు కాబట్టి క్లౌడ్ సేవ్ (స్టీమ్ సర్వర్‌లో ఉండే సేవ్ కాపీ) కూడా లేదు.

అంతకంటే భయపెట్టింది చివరి నాలుగు లైన్లు. హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక సర్వీస్ (తెర వెనక తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) పెట్టారు. డెక్ ఆన్ చేసిన ప్రతిసారీ అది ఒక అడ్రస్ నుంచి ఒక ఫైల్ దించుకుని నడుపుతుంది. ఆ అడ్రస్‌కీ పోర్ట్ చేసిన బృందానికీ ఏ సంబంధమూ లేదు. ఒక్కసారి ఆలోచించండి. అప్‌డేట్‌కి ఆట పోయింది. ఈ సర్వీస్ మాత్రం హోమ్‌లో ఉంది కాబట్టి చెక్కుచెదరకుండా పనిచేస్తూనే ఉంది. బ్రౌజర్‌లో సేవ్ అయిన లాగిన్‌లు ఉండేదీ ఆ హోమ్‌లోనే.

అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే వచ్చిన జవాబు: "మేం అమ్మింది కార్డు మాత్రమే, సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికి మా బాధ్యత లేదు." కొనేటప్పుడు ఆట, అడిగేటప్పుడు కార్డు. రెండోసారి అడిగితే జవాబే లేదు.

ఇప్పుడు అసలు పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఇది తెలిసి ఉంటే నేను ఆ కార్డు కొనేవాడినే కాదు. షిప్ ఆఫ్ హర్కినియన్ లోపల నింటెండో బొమ్మలు గానీ సంగీతం గానీ ఏవీ ఉండవు. మీ సొంత కార్ట్రిడ్జ్ నుంచి డంపర్‌తో (కార్ట్రిడ్జ్‌లోని డేటాను చదివి కాపీ చేసే పరికరం) తీసుకున్న రోమ్ ఫైల్ (కార్ట్రిడ్జ్‌లోని ఆట కాపీ) ఇస్తే, అది సరైన వెర్షనేనా అని చూసుకుని, దాని నుంచి బొమ్మలూ శబ్దాలూ తీసి ఒక ఆర్కైవ్ తయారు చేసుకుంటుంది. ఆ రోమ్ 32 మెగాబైట్లే. అందుకే, ఎవరైనా రోమ్‌తో సహా మొత్తం ఆటను కలిపి అమ్ముతున్నారంటే అది పోర్ట్ చేసినవాళ్ల సరుకు కాదని అక్కడే తేలిపోతుంది.

డెస్క్‌టాప్ మోడ్‌లో ఆ ప్రాజెక్ట్ గిట్‌హబ్ (ప్రోగ్రామ్‌ల కోడ్ పంచుకునే సైట్) రిలీజ్ పేజీ నుంచి లినక్స్ జిప్ దించుకోండి. హోమ్‌లో ఒక ఫోల్డర్ చేసి అందులో విప్పండి, రోమ్‌ను అందులోనే పెట్టండి. యాప్‌ఇమేజ్ ఫైల్ (నడపాల్సిన ప్రోగ్రామ్ అదే) ప్రాపర్టీస్‌లో నడపడానికి అనుమతి ఇచ్చి డబుల్ క్లిక్ చేయండి. ఆర్కైవ్ తయారయ్యాక రైట్ క్లిక్ చేసి స్టీమ్‌లో చేర్చుకోండి. ఇందులో ఎక్కడా పాస్‌వర్డ్ అడగదు, సుడో అవసరమే రాదు. రెండోసారి నేనే చేసుకున్నాను, పావుగంట పట్టింది.

మిగతా పోర్ట్‌లకూ దాదాపు ఇదే వరస. 2024లో వచ్చిన "జెల్డా 64: రీకంపైల్డ్", 2025లో వచ్చిన "అన్‌లీష్డ్ రీకంపైల్డ్" కూడా ఉచితమే, అవి కూడా మీ సొంత కాపీ ఫైళ్లనే అడుగుతాయి. ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని పనిచేసి ఉచితంగా పంచిపెట్టినవాళ్ల కష్టాన్ని ఇలా వాడుకోవడం చూస్తే నాకు నిజంగా కడుపు మండుతోంది.

ఇలాంటి కార్డు ఇప్పటికే కొని ఇన్‌స్టాల్ ఫైల్ నడిపినవాళ్లు ఉంటే, ముందు డెక్‌ను నెట్ నుంచి తీసేయండి. ఆ సర్వీస్ ఒక్కటి చెరిపేసి ఊరుకోవద్దు. ఒకసారి సుడో ఇచ్చాక లోపల ఇంకేం మారిందో చూసి చెప్పడం కష్టం. వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజ్‌ను వేరే కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించి డెక్‌ను మొత్తం రీఇమేజ్ చేయండి (అంటే ఉన్నదంతా చెరిపి సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించడం). పాస్‌వర్డ్‌లు కూడా ఆ డెక్ నుంచి కాకుండా వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. ఆట ఇంకా నడుస్తూ ఉంటే, రీఇమేజ్ చేసేముందు ఆ ఇన్‌స్టాల్ ఫైల్ తెరిచి ఆట ఎక్కడ పెట్టిందో వెతికి పట్టుకోండి, అక్కడి సేవ్ ఫోల్డర్ మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మా తమ్ముడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు, ఆ నోట్‌బుక్ పక్కనే పెట్టుకుని.