కుట్టు లేని బోబా టీ కీచైన్: ఏడాది పైగా వాడాక నా మాట

సూటిగా చెప్పేస్తాను. క్రోషే అంటే హుక్ అనే కొక్కెం సూదితో దారం అల్లే పని, బోబా టీ అంటే అడుగున గింజలు వేసి స్ట్రాతో తాగే టీ. కుట్టు అవసరం లేని ఈ క్రోషే బోబా టీ గ్లాసు కీచైన్ హుక్ అలవాటున్నవాళ్లకి అల్లడానికి సులువే, వాడకానికీ గట్టిదే. కానీ మనం భయపడే చోట అది పాడవదు. గ్లాసు విడిపోదు, మూత ఊడదు. ఏ ఇబ్బంది వచ్చినా రింగు తగిలించే దగ్గరే. ఒకటి నా ఆఫీసు బ్యాగుకి, ఒకటి స్కూటీ తాళానికి, ఇంకొకటి మా ఆడపడుచు కూతురి స్కూలు బ్యాగుకి ఏడాది దాటి వేలాడుతున్నాయి. ఆ మూడింటి పరిస్థితీ చూసి రాస్తున్నాను.

ముందు డిజైన్ సంగతి. అమిగురుమి అని జపాన్ నుంచి వచ్చిన క్రోషే బొమ్మల పద్ధతి ఉంది కదా, అందులో మామూలుగా తల వేరే, చేతులు వేరే అల్లి చివర్లో సూదీదారంతో కుడతారు. చాలామంది అక్కడే వదిలేస్తారు. చెవులు లేని కుందేళ్లు డబ్బాలో పడి ఉన్న ఇళ్లు నాకు చాలానే తెలుసు. ఈ గ్లాసులో ఆ తంటా లేదు. స్ట్రా కొసన మొదలుపెడితే మూత, గ్లాసు, అడుగు ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చేస్తాయి. రంగు మారినప్పుడు కొత్త దారం కలుపుకోవడమే తప్ప అతికించే ముక్కంటూ ఏదీ ఉండదు.

నేను అల్లే లెక్క ఇది. తెల్ల దారంతో మ్యాజిక్ రింగ్‌లో (లాగితే మూసుకునే దారపు ఉచ్చు) 6 సింగిల్ క్రోషేలు (మామూలు పొట్టి అల్లిక, ఒక్కోటి ఒక స్టిచ్), అదే 6 మీద గుండ్రంగా 7 వరసలు. ఇది స్ట్రా. తర్వాతి వరసలో స్టిచ్ తలపై ఉండే రెండు పోగుల్లో ముందు పోగులోనే హుక్ దూర్చి, ఒక్కో దాంట్లో రెండేసి వేస్తే 12 అవుతాయి. అలా చేస్తేనే అల్లిక స్ట్రా నుంచి బయటికి పళ్లెంలా విచ్చుకుంటుంది. ఆపైన 18, ఆపైన 24. ఇప్పుడు వెనక పోగులో మాత్రమే ఒక వరస వేస్తే మూత అంచు మడతపడి కిందికి దిగుతుంది. ఇంకో తెల్ల వరస, తర్వాత టీ రంగు దారంతో 24 మీద 3 వరసలు. అక్కడి నుంచి రెండేసి స్టిచ్‌లు కలిపి ఒకటి చేస్తూ తగ్గించాలి, 21కి ఒకసారి, 18కి ఒకసారి. 18 మీద 3 వరసలు బోబా గింజల కోసం. చివర్లో మళ్లీ వెనక పోగులో తగ్గిస్తూ 12, లోపల దిండ్లలో వేసే ఫైబర్ నింపి 6, ఇక దారం లాగి మూసేయడం. 2.5 మిల్లీమీటర్ల హుక్, 5 ప్లై మిల్క్ కాటన్ (ఐదు పేటల మెత్తటి నూలు రకం దారం) అయితే మూత దగ్గర అడ్డంగా 4 సెంటీమీటర్ల లోపు, స్ట్రాతో కలిపి ఎత్తు 7 సెంటీమీటర్ల దాకా వస్తుంది. దారం 10 గ్రాములు కూడా పట్టదు. పాత బ్రిటిష్ పుస్తకాల్లో చూసి నేర్చుకున్నవాళ్లు ఒకటి గమనించుకోండి, వాళ్లు డబుల్ క్రోషే అని రాసేదే నేను ఇక్కడ సింగిల్ అంటున్నది.

గింజల వరసే ఇందులో అసలు సరదా. రెండు టీ రంగు స్టిచ్‌లు, ఒక ముదురు బ్రౌన్, మళ్లీ రెండు, మళ్లీ ఒకటి. 18లో సరిగ్గా 6 గింజలు పడతాయి. తర్వాతి వరసలో ఒక స్టిచ్ జరిపి మొదలుపెడితే గింజలు ఒకదాని మీద ఒకటి కాకుండా చెదిరినట్టు కనిపిస్తాయి. వాడని రంగు దారాన్ని తెంపకుండా స్టిచ్‌ల లోపలే వెంట తీసుకుపోవాలి. ఇక్కడ చెయ్యి కాస్త బిగిసిందంటే గ్లాసు నడుం నొక్కుకుపోతుంది. అందుకే నాలుగైదు స్టిచ్‌లకోసారి అల్లికను వేళ్లతో పక్కలకి లాగి వదులుతాను, లోపలి దారం తనంతట తనే సర్దుకుంటుంది. రంగు మార్చేది కొత్త స్టిచ్ మొదట్లో కాదు, దాని ముందు స్టిచ్ పూర్తిచేసే ఆఖరి లాగుడులో. ఈ ఒక్కటీ పట్టుబడితే గింజ గుండ్రంగా, శుభ్రంగా వస్తుంది. లేకపోతే ఒక పక్క టీ రంగు చార ఉన్న గింజ మిగులుతుంది.

అన్నట్టు ఆ గింజలు మనకు పరాయివేం కాదు. బోబా టీ పుట్టింది 1980లలో తైవాన్‌లో. అందులో వేసే గింజలు కర్రపెండలం పిండితో చేస్తారు, మన సగ్గుబియ్యం కూడా ఆ పిండితోనే. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులు చూసినవాళ్లకి ఈ కీచైన్ ఇంకాస్త ముచ్చటేస్తుంది.

ఇక ఈ డిజైన్ కొత్తవాళ్లకి కూడా సులువే అంటే మాత్రం నేను పూర్తిగా ఒప్పుకోను. మొత్తం డిజైన్‌లో కష్టమైన భాగం మొట్టమొదటే ఉంది. 6 స్టిచ్‌ల సన్న గొట్టం అల్లుతుంటే వేళ్లకి పట్టు దొరకదు, లోపలి వైపు ఏదో బయటి వైపు ఏదో తెలియదు, వరస మొదలు గుర్తుకి స్టిచ్ మార్కర్ పెట్టకపోతే రెండో వరసకే లెక్క తప్పుతుంది. హుక్ పట్టుకోవడం ఇదే మొదటిసారైతే దీనితో మొదలుపెట్టకండి. స్ట్రా లేని చాయ్ గ్లాసు అల్లండి. టీ రంగుతో 6, 12, 18, 24 అని బల్లపరుపుగా ఒక చక్రం, అది పైన కనిపించే చాయ్. తర్వాత తెలుపుకి మారి వెనక పోగులో అంచు, కిందికి కొద్దిగా తగ్గుతూ గోడ, అడుగు. హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్‌కి బోబా కంటే ఇదే ఎక్కువ నచ్చింది, ఇరానీ చాయ్ అని పేరు పెట్టేసుకున్నారు. అది వచ్చాక స్ట్రా పెద్ద విషయం కాదు.

దారం విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మూడు రకాలతో అల్లాను. మామూలు అక్రిలిక్ ఊలు చౌక, రంగులు బోలెడు, కానీ బ్యాగుకి రాసుకుని రాసుకుని కొన్ని నెలలకే నూగు లేచి ఉండలు కడుతుంది. స్కూలు బ్యాగుకి వేసింది ఇదే, ఇప్పుడు గింజలకీ టీకీ మధ్య గీత కనిపించట్లేదు. వెల్వెట్ దారం ముట్టుకుంటే ఎంతో బాగుంటుంది, అల్లుతుంటే మాత్రం స్టిచ్ ఎక్కడుందో కంటికి ఆనదు. చీకట్లో వేళ్లతో తడుముకోవడమే. మొదటిసారికి అది వద్దే వద్దు. మిల్క్ కాటన్ మాత్రం నిలబడింది. మెరుపు కాస్త తగ్గిందే కానీ ఆకారం అలాగే ఉంది. ముదురు బ్రౌన్ దారం కొన్నప్పుడు ఒక పోగు తడిపి తెల్ల కాగితం మీద అదిమి చూడండి. రంగు దిగితే అది వాడకండి, మొదటి ఉతుకులోనే తెల్ల మూత గోధుమరంగుకి తిరుగుతుంది.

హుక్ మాత్రం దారం లేబుల్ మీద చెప్పిన దానికంటే ఒక సైజు చిన్నదే తీసుకోవాలి. కీచైన్‌కి బిగువే ప్రాణం. మా పిన్నిది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు తరాలుగా సన్న నూలుతో లేసు అల్లుతున్నారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. పిన్ని నా గ్లాసు చేతిలోకి తీసుకుని, గోరుతో గీకి చూసి, "ఏంటే ఇది, సూది కూడా దూరట్లేదు, ఇంత బిగించేశావ్!" అంది.

"వదులైతే లోపలి ఫైబర్ బయటికి కనిపిస్తుంది పిన్నీ."

"బాగుంది! మాకు కంత ఉంటేనే అందం, నీకు కంత ఉంటే తప్పా?"

అన్నదే కానీ అరగంటలో తనూ ఒకటి అల్లి పడేసింది. లేసు చేతికి అలవాటైన వదులు పోలేదు, ఫైబర్ తొంగిచూస్తూనే ఉంది. లేసు అల్లడం వచ్చినవాళ్లకి హుక్ తిప్పడం ఎవరూ నేర్పక్కర్లేదు, దారం లాగి పట్టే తీరు మాత్రం మార్చుకోవాలి.

ఇప్పుడు అసలు గొడవ, రింగు. డిజైన్‌లో ఇచ్చింది ఏంటంటే, మూత అంచున మిగిలిన పోగులోంచి 10 చెయిన్‌లు (గొలుసులా వరసగా అల్లే ఉచ్చులు) వేసి, వెనక్కి తెచ్చి కలిపేసి, ఆ ఉచ్చుకి రింగు తగిలించమని. దీనికి రెండు లోపాలు. ఒకటి, గ్లాసు ఒక పక్కకి వాలి వేలాడుతుంది, బరువంతా ఒకే అంచు మీద పడుతుంది కాబట్టి. చూడ్డానికి టీ ఒలికిపోతున్నట్టు ఉంటుంది, కొందరికి అదీ నచ్చుతుందనుకోండి. రెండోది, ఉత్త చెయిన్ సాగుతుంది. బస్సులో బ్యాగు లాగినప్పుడల్లా కొంచెం కొంచెంగా సాగి, పోగు సన్నబడి, చివరికి నూలు పురి విప్పుకుంటుంది. స్ట్రా కొసకే రింగు వేస్తే గ్లాసు నిటారుగా వేలాడుతుంది కానీ స్ట్రా సాగి బక్కచిక్కిపోతుంది.

దానికి తోడు రింగులు. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక కిట్‌లో వచ్చినవి ఒకే చుట్టు తీగని వంచి కొసలు కలిపినవి. ఆ రెండు కొసల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా చాలు, దారం తిరిగి తిరిగి అక్కడికే చేరి జారిపోతుంది. ఒక రోజు సాయంత్రం బ్యాగుకి గొలుసు ఉంది, గ్లాసు లేదు. మర్నాడు అది ఆఫీసు లిఫ్ట్ దగ్గర దొరకడం నా అదృష్టం. తాళాలకి వాడే రెండు చుట్ల రింగు అయితే ఈ బాధ లేదు. పైపూత పల్చగా ఉన్న రింగులైతే వానాకాలంలో తుప్పు పట్టి తెల్ల మూత మీద మరక వేస్తాయి. ఆ మరక దేనికీ వదల్లేదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. స్ట్రా అల్లేటప్పుడు మ్యాజిక్ రింగ్‌ని పూర్తిగా బిగించకుండా హుక్ పట్టేంత కంత ఉంచుతాను. గ్లాసు అడుగు మూసే ముందు, గట్టి నైలాన్ దారాన్ని రెండు పేటలు చేసి ఒక చొక్కా గుండీకి ముడివేసి, గుండీని లోపల మూత కింద ఉంచి, దారాన్ని హుక్‌తోనే స్ట్రా గుండా పైకి లాగుతాను. పైన వచ్చిన ఉచ్చుకి రెండు చుట్ల రింగు. ఎవరు ఎంత లాగినా బరువు గుండీ మోస్తుంది, అల్లిక మీద పడదు. గ్లాసు నిటారుగా ఉంటుంది, మధ్యలో సూదితో పని కూడా లేదు. స్ట్రా వాలిపోకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ గొట్టం ముక్క వేసి, దారం దాని లోంచే పోనిస్తాను. స్కూటీ తాళానికి ఉన్నది ఇలా చేసిందే. ఇంతవరకూ స్ట్రా సాగలేదు, ఉచ్చు కదల్లేదు.

పోతే తాళాలకి వేయడం అంత మంచి ఆలోచన కాదు. తాళంచెవి పళ్లు అల్లికకి తగులుకుని పోగులు బయటికి లాగుతాయి. బరువు లేదు కాబట్టి బండికి ఇబ్బందేం ఉండదు, గ్లాసుకే ఉంటుంది. బ్యాగు జిప్‌కి వేసుకుంటే ఎక్కువ కాలం అందంగా ఉంటుంది.

అడుగు బల్లపరుపుగా నిలవాలంటే వెనక పోగు అల్లిక ఒక్కటే చాలదు, ఫైబర్ తోసి దాన్ని ఉబ్బిస్తుంది. పెరుగు డబ్బా మూతలోంచి గుండ్రటి ముక్క కత్తిరించి లోపల పెడితే గ్లాసు టేబుల్ మీద కూడా నిలబడుతుంది. నింపడానికి మాత్రం దూది వాడకండి. ఉతికితే ముద్దకట్టి ఆరక వాసన వస్తుంది. దిండ్లలో వేసే ఫైబర్ తొందరగా ఆరుతుంది. షాంపూ నీళ్లలో ముంచి తీసి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడన ఆరేస్తే చాలు. పిండితే ఆకారం పోతుంది.

కుట్టు లేదన్న మాటకి చిన్న మినహాయింపు ఉంది. అడుగు మూసేటప్పుడు, దారం కొసలు లోపలికి దాచేటప్పుడు మొద్దు సూది ఉంటే పని తేలిక. హుక్‌తో కూడా అవుతుంది, సమయం పడుతుంది. మూత తెలుపు నుంచి టీ రంగుకి మారే చోట చిన్న మెట్టు కూడా కనిపిస్తుంది. గుండ్రంగా ఆగకుండా అల్లేదానికి అది తప్పదు. కొత్త రంగు మొదటి స్టిచ్‌ని స్లిప్ స్టిచ్‌గా (ఎత్తు రాకుండా దారం లాగేసే అల్లిక) వేస్తే మెట్టు సగం తగ్గుతుంది, మిగతా సగాన్ని వెనక్కి తిప్పి వేలాడదీస్తే సరి.

కిట్ కొనాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. నాకొచ్చిన కిట్‌లో దారం అక్రిలిక్, రింగులు పైన చెప్పిన బాపతు, హుక్ కొస గరుగ్గా ఉండి పోగులు చీల్చేది. అదే డబ్బుతో టీ రంగు, తెలుపు, ముదురు బ్రౌన్ మిల్క్ కాటన్ ఉండలు, నున్నటి అల్యూమినియం హుక్ విడిగా కొనుక్కుంటే గ్లాసులు బోలెడు అవుతాయి. ఉండలు మిగిలే ఉంటాయి కాబట్టి చుట్టాల పిల్లలందరూ తమకూ ఒకటి అంటారు. రింగులు మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు, తాళాలు చేసే షాపులో చేత్తో సాగదీసి చూసి తీసుకోండి.