నోరు మెదపకపోయినా నడిచిన కథ

స్మార్ట్ స్పీకర్‌తో మాట్లాడుతూ ఆడే కథల ఆటలు చాలా వచ్చాయి, చాలా పోయాయి. ఆట ఎలా తెరవాలో, ఖాతా ఎలా కలపాలో అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను. ఒక కోట, ఒక రహస్య లేఖ, దానికోసం వెంటపడే కాపలావాళ్ళు. ఏడాదికి పైగా నేను ఆడుతున్న ఆటలో కథ ఇంతే. ఇంగ్లీషులో నడుస్తుంది. కథగా మామూలుదే. అయినా దాన్ని ఇంకా తీసెయ్యలేదంటే కారణం ఒకే ఒక్క ఘట్టం.

ముందు స్పీకర్ సంగతి ఒకటి చెప్పాలి. ఆట ప్రశ్న అడిగాక నా స్పీకర్ 8 సెకన్లు వింటూ ఉంటుంది. మనం ఏమీ అనకపోతే ఇంకోసారి అడుగుతుంది. మరో 8 సెకన్లు చూస్తుంది. అప్పటికీ పలక్కపోతే, వింటున్నంతసేపూ స్పీకర్ మీద వెలిగే దీపం ఆరిపోతుంది, ఆట మూతపడుతుంది. మొదట్లో నా చిరాకంతా దీనిమీదే. తీరిగ్గా ఆలోచించుకోనివ్వని ఆట ఏం ఆట? 1976లో విల్ క్రౌథర్ రాసి, మరుసటి ఏడాది డాన్ వుడ్స్ పెంచిన ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’, కంప్యూటర్‌లో మాటలు టైపు చేసి ఆడే కథ, ఈ జాతి ఆటలన్నిటికీ పెద్ద దిక్కు. దానికి రెండు మాటలకు మించి ఎక్కేవి కావు, ఒక్కో మాటలో మొదటి అయిదు అక్షరాలే చూసేది. అయినా కీబోర్డు ముందు పూటంతా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నా ఎందుకు కదలడం లేదని అడిగేది కాదు.

ఇక ఆ ఘట్టం. కోటలో మెట్ల కింద దాక్కుని ఉన్నాను. పైన బూట్ల చప్పుడు. “ఇప్పుడేం చేస్తావు?” అంది కథ చెప్పే ఆవిడ. పరిగెత్తాలా, లేఖను అక్కడే దాచెయ్యాలా తేల్చుకోలేక ఊరుకున్నాను. మామూలుగా అయితే “మీరన్నది వినపడలేదు” అనే అరిగిపోయిన వాక్యం రావాలి. దానికి బదులు బూట్ల చప్పుడు దగ్గరైంది. ఒక కాపలావాడు గొంతు తగ్గించి, “ఇక్కడెవరో ఉన్నట్టున్నారు” అన్నాడు. నాకు నిజంగానే మాట పెగల్లేదు. చూస్తుండగానే దీపం ఆరిపోయింది. మంచి పట్టులో ఉండగా తెగ్గొట్టిందని తిట్టుకుంటూ మళ్ళీ తెరిచాను. అధ్యాయం మొదటికి తీసుకెళ్ళి పడేస్తుందనుకుంటే, ఆవిడ ఇలా అందుకుంది: “తెల్లారింది. రాత్రంతా నువ్వు చప్పుడు చెయ్యలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు.”

ఆట మూతపడటం కూడా కథలో భాగమేనన్నమాట! నమ్మకం కుదరక వెనక్కి వెళ్ళి, అదే చోట ఈసారి కావాలని మాట్లాడి చూశాను. ‘రన్’ అంటే దొరికిపోయాను. ‘వెయిట్’ అన్నా దొరికిపోయాను. ఆఖరికి ‘హైడ్’ అన్నా సరే పట్టుకున్నారు. ఎందుకు పట్టుకోరు? దాక్కుంటానని పైకి చెప్పినా అది చప్పుడే కదా. బతకాలంటే నోరు మూసుకోవడమొక్కటే దారి, ఆ సంగతి ఆట ఎక్కడా చెప్పదు. తర్వాత తెలుసుకున్నాను, ఇందులో మాయ ఏమీ లేదు. సెషన్, అంటే ఒక విడత ఆట, ముగిసినప్పుడు ఎందుకు ముగిసిందో, అంటే ఆటగాడు ఆపమన్నాడా, జవాబివ్వక ఊరుకున్నాడా, ఆ కబురు ఆటను నడిపే దూరపు కంప్యూటర్‌కు (సర్వర్‌కు) అందుతుంది. దాన్ని లోపాల పట్టీలోకి తోసెయ్యకుండా కథలోకి తెచ్చుకున్న రచయిత ఎవరో గానీ, గొంతుతో ఆడే ఆటకు మాత్రమే ఉన్న బలమేమిటో కనిపెట్టాడు. తెర మీద ఆడే ఆటలో ఈ ఘట్టం ఇలా పండదు.

ఆ వారమంతా కనపడినవాళ్ళందరికీ చెప్పాను, ఈ ఆట మన మౌనాన్ని కూడా వింటుందని. వింటుంది, కానీ అన్నిచోట్లా కాదు. ఇప్పటిదాకా ఇలాంటి చోట్లు నాకు ఒకటో రెండో తగిలాయి. మిగతాచోట్ల ఊరుకుంటే పాత కథే: దీపం ఆరిపోవడం, చివరగా సేవ్ అయిన చోటి నుంచి మళ్ళీ మొదలు. అధ్యాయం మధ్యలో సేవ్ కావడం తక్కువ కాబట్టి విన్నదే వినాలి. పైగా ఆ ఘట్టం రుచి చూశాక ప్రతి కష్టంలోనూ నోరు కట్టేసుకుని కూర్చోవాలనిపిస్తుంది. అది పనిచెయ్యదు.

కొత్తగా ఆడేవాళ్ళు ఇంకొన్ని గుర్తుపెట్టుకోవాలి. వాక్యాలు వద్దు. పని, వస్తువు, రెండు మాటలు చాలు: ‘ఓపెన్ గేట్’, ‘టేక్ ల్యాంప్’. ఆట మన మాట అర్థం చేసుకుని నడవదు. తన దగ్గర రాసిపెట్టి ఉన్న పనుల్లో మన మాట దేనికి దగ్గరగా ఉందో చూసి దాన్ని చేసేస్తుంది. సగం మాటే విని పనికి పరిగెత్తే పిల్లాడి లాంటిది. అందుకే వద్దు, కాదు లాంటివి దానితో పెట్టుకోకూడదు. ‘డోంట్ ఓపెన్ ది డోర్’ అన్నాను ఒకసారి. శుభ్రంగా తలుపు తీసి నన్ను లోపలికి పంపింది. ఆవిడ చెబుతుండగా మనం మధ్యలో అన్నది దానికి చేరదు. ముందు స్పీకర్‌ను పేరు పెట్టి పిలవాలి. ఏదైనా సరిగ్గా వినపడకపోతే ‘రిపీట్’ అంటే మళ్ళీ చెబుతుంది, అంతలో ఆలోచించుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. నేనైతే వినపడినా అంటాను.

‘స్టాప్’ అన్న మాట మాత్రం కలలో కూడా అనకండి. లేఖ దొంగిలించినవాడు పడవెక్కి పారిపోతున్నాడు, ఉద్రేకంలో ‘స్టాప్!’ అని అరిచాను. వాడు ఆగలేదు, ఆట ఆగింది. ఆ మాట స్పీకర్ తనకోసం అట్టిపెట్టుకున్నది. కథలో ఎంత సందర్భం ఉన్నా దాని దృష్టిలో ‘ఇక చాలు’ అనే అర్థం. ఇది ఆట తప్పు కాదంటారు సహాయం పేజీలో. సరే. కానీ మనిషి సహజంగా ‘ఆగు’ అని అరిచే చోటే ఆ సన్నివేశం పెట్టింది ఎవరు మరి?

గొంతుల సంగతి కూడా చెప్పాలి. మొదటి అధ్యాయాల్లో నటులు చెప్పిన మాటలు, తర్వాతివాటిలో యంత్రం గొంతు. తేడా చెవికి వెంటనే తగులుతుంది. మెట్ల కింద ఘట్టం యంత్రం గొంతుతో వచ్చి ఉంటే నేను అంత బిగుసుకుపోయేవాణ్ణా అంటే, అనుమానమే.

నా గది తలుపు వేసుకుంటే చప్పుడు ఉండదు, రాత్రిళ్ళు ఒక్కణ్ణే ఆడతాను. అందుకే నాకు సరిపోయింది. నలుగురూ తిరిగే హాల్లో స్పీకర్ ఉంటే, పక్కన టీవీలో ఎవరో అన్న మాటకు మీ కథానాయకుడు బావిలో దూకెయ్యవచ్చు. మాట తడబడేవాళ్ళకు, ఆలోచించి నెమ్మదిగా మాట్లాడేవాళ్ళకు ఆ 8 సెకన్లు నిజంగా కష్టం. వాళ్ళను ఆడమని నేను చెప్పలేను. ఇంకో భయం: ఇవి మన దగ్గర నిలిచి ఉండే ఆటలు కావు, కంపెనీ ఆపేస్తే పోతాయి. గూగుల్, మాట విని పనిచేసే తన ‘అసిస్టెంట్’లో బయటివాళ్ళు చేసిన ఇలాంటి సంభాషణ ఆటలన్నిటినీ 2023 జూన్‌లో ఒక్కసారిగా ఆపేసింది. డబ్బు పెట్టేముందు అది గుర్తుంచుకోవాలి.

ఈ ఆటకు రెండో భాగం వస్తోందట, ముందుగా కడితే తగ్గింపు. నేను కట్టలేదు. దాని మొదటి అధ్యాయం ఉచితమే కాబట్టి, అందులో ప్రమాదం వచ్చిన చోట పలక్కుండా ఉండి చూస్తాను. “మీరన్నది వినపడలేదు” అని వచ్చిందా, అక్కడితో సరి.